చెక్కుబందీ లేని కాగితం

2021 ఆగస్టు. ఆ వారమంతా ముసురు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చి ఉన్నాయి. కోర్టు నుంచి వచ్చి రాజమహేంద్రవరం ఇన్నీస్‌పేటలోని ఆఫీసులో కూర్చున్నాను. కొవ్వూరు వైపు పల్లె నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. తడిసిన గొడుగు గుమ్మం బయటే పెట్టి, ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఢిల్లీ నుంచి నోటీసొచ్చిందండి లాయరు గారూ. అయిదు లక్షలు కట్టమంటున్నారండి. నేనేం తప్పు చేశానో నాకే తెలీదండి" అంది.

అప్పటికి నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్ళు. పార్టిషన్ సూట్లు, ప్రోనోటు దావాలు, గట్టు తగాదాలు, కౌలు గొడవలు. నా అలమారలో ఉన్నవన్నీ అవే. నోటీసు చదివాను. అందులో ఉన్న 'రీల్', 'డెలివరబుల్స్', 'వైట్‌లిస్టింగ్' లాంటి మాటలు నా వృత్తిలో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. జూనియర్ అమ్మాయిని పిలిచాను. తను నోటీసు చూసి, ఆవిడ ముఖం చూసి, "సార్, వీళ్ళ వీడియోలు మా అమ్మ రోజూ చూస్తుంది" అంది. అప్పటిదాకా చీర కొంగు నలుపుకుంటూ కూర్చున్న ఆవిడ ఆ ఒక్క మాటకి కొంచెం తేరుకుంది.

ఆమె అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేరు మాత్రం రాయను, ఆ కంపెనీ పేరూ రాయను.

2020 లాక్‌డౌన్‌లో కొడుకు సెల్‌ఫోన్ పట్టుకుంటే పెరట్లో కట్టెల పొయ్యి మీద వంటలు మొదలుపెట్టిందట. పనసపొట్టు కూర, గుత్తొంకాయ, మట్టి దాకలో చేపల పులుసు. ఆమె మాట్లాడే తీరు జనానికి నచ్చింది. మూడు నెలల్లో లక్షమంది దాటారు. సెప్టెంబరులో ఒక ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. ఒక వంటనూనె కంపెనీకి రెండు రీల్సు, ఒక పెద్ద వీడియో చేస్తే పద్దెనిమిది వేలు ఇస్తామన్నారు. ఆ ఇంట్లో అంత డబ్బు ఒక్కసారిగా, అదీ ఆమె చేతిపని మీద రావడం అదే మొదలు. పద్నాలుగు పేజీల పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి, "ఇవాళ సాయంత్రంలోగా సైన్ చెయ్యండి మేడం, రేపు క్యాంపెయిన్ లైవ్‌కి వెళ్ళిపోతుంది" అన్నారు. కొడుకు ఓటీపీ కొట్టాడు. సంతకం అయిపోయింది.

"చదివారా అమ్మా?" అని అడిగాను.

"ఇంగ్లీషండి. మా వాడు పైపైన చూశాడండి. డబ్బులిచ్చేవాళ్ళని పట్టుకుని అవీ ఇవీ అడిగితే ఏం బాగుంటుందండి, మొహమాటపడ్డామండి."

మొహమాటం అన్న ఆ మాటను ఆ తర్వాతి నాలుగేళ్ళలో నా ఆఫీసులో ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఈ రంగంలో మన పిల్లలకు జరిగిన నష్టాల్లో సగానికి మూలం అదేనని నా నమ్మకం. చట్టం తెలియక జరిగిన నష్టం అంతకంటే తక్కువ.

సంక్రాంతికి చెన్నైలో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసింది, "వదినా, అరవం ఎప్పుడు నేర్చుకున్నావు?" అని. చూస్తే అది తన వీడియోయే. పెదాలు ఆమెవి, గొంతు ఇంకెవరిదో. ఉగాది నాటికి కొవ్వూరులో కిరాణా కొట్టాయన నూనె ప్యాకెట్టు చేతికిచ్చి, "అక్కా, ఇది మీ బొమ్మే కదా" అన్నాడు. ముఖం ప్యాకెట్టు మీదికి ఎక్కింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె కళ్ళలో గర్వం ఉంది, దిగులూ ఉంది. ఊళ్ళో అందరూ లక్షలు వచ్చాయనుకున్నారట. రూపాయి రాలేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, అంతా కాంట్రాక్టులో ఉందని చెప్పి పెట్టేశారు.

ఆ తర్వాత జూన్‌లో, వాళ్ళ ఊరి పక్కనే కొత్తగా గానుగ పెట్టిన కుర్రాడి కోసం నువ్వుల నూనె మీద ఒక వీడియో చేసింది. అతనిచ్చింది నాలుగు వేలు. పదిహేను రోజులు తిరక్కుండా నోటీసు దిగింది. పోటీ సరుకును ప్రచారం చేసి ఎక్స్‌క్లూజివిటీ షరతు ఉల్లంఘించారు, కాబట్టి ఒప్పందంలో రాసుకున్న ప్రకారం అయిదు లక్షలు చెల్లించాలి, తేడా వస్తే గురుగ్రామ్ కోర్టుల్లోనే తేల్చుకోవాలి.

"గురుగ్రామ్ అంటే ఎక్కడండీ?" అని అడిగాడు ఆమె భర్త. తిరుపతి దాటి వెళ్ళని మనిషి.

ఆ రాత్రి ఆ పద్నాలుగు పేజీలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదువుతుంటే కాసేపటికి ఇది నాకు కొత్త సంగతేం కాదనిపించింది. మా జిల్లాల్లో పొలం కొనేవాడు దస్తావేజులో అన్నిటికంటే ముందు ఏం చూస్తాడు? చెక్కుబందీ. తూర్పు ఎవరిది, దక్షిణం ఎవరిది, పడమర కాలువా గట్టా, ఉత్తరం ఎవరి కమతం. అక్షరం రాని ముసలాయన కూడా లేఖరి చేత నాలుగు హద్దులూ రెండుసార్లు చదివించుకుని గానీ వేలిముద్ర వెయ్యడు. ఈమె ఇచ్చిన కాగితంలో ఉన్న ఆస్తి ఆమె ముఖం, ఆమె గొంతు, ఆమె వంట. దానికీ నాలుగు హద్దులు ఉండాలి. ఎన్నాళ్ళు వాడుకుంటారు, ఏ దేశాల్లో వాడుకుంటారు, ఎక్కడెక్కడ వేస్తారు, ఎంతవరకు మార్చుకోవచ్చు. ఆ కాగితంలో ఎన్నాళ్ళు అన్నచోట 'శాశ్వతంగా' అని ఉంది. ఎక్కడ అన్నచోట 'ప్రపంచమంతటా'. మార్పుల దగ్గర 'కుదించుకోవచ్చు, అనువదించుకోవచ్చు, డబ్ చేసుకోవచ్చు'. మూడు వైపులా గట్టే లేదు. ఒక్క నాలుగో వైపు మాత్రం, బహుశా రాసినవాడి అజాగ్రత్త వల్లనే, ఒక మాట మిగిలింది. 'అన్ని డిజిటల్ మాధ్యమాలలో' అని.

నూనె ప్యాకెట్టు డిజిటల్ మాధ్యమం కాదు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఎక్కడిదాకా వెళ్ళవచ్చో ఆలోచిస్తూ ఆ రాత్రి చాలాసేపు మేలుకున్నాను. ఒక మనిషి పేరు, రూపు ఆ మనిషి అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం ఏకాంత హక్కును భంగపరచడమేనని సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో చెప్పింది. ఆటో శంకర్ ఆత్మకథ అచ్చు గురించి వచ్చిన కేసు అది. ఎక్కడి జైలు ఖైదీ, ఎక్కడి గోదావరి గట్టు వంటమనిషి! అయినా తీర్పు ఇద్దరికీ ఒకటే.

ఎక్స్‌క్లూజివిటీ సంగతికి వస్తే, ఒప్పందం కాలం ఆరు నెలలు. 2021 మార్చితో అయిపోయింది. కానీ ఆ తర్వాత మరో పన్నెండు నెలలు కూడా పోటీ సరుకు జోలికి వెళ్ళకూడదని రాసుకున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షను దీనికే ఉంది. మనిషి వృత్తి చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం అలాంటి కట్టుబాటును కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి. గడువు తీరాక ఒప్పుకోవు. దీని మీద నాకు దొరికిన తీర్పు క్రికెటర్ జహీర్ ఖాన్‌ది. 2000లో ఒక సంస్థతో ప్రకటనల వ్యవహారాల కోసం మూడేళ్ళకు ఒప్పందం చేసుకున్నాడు. గడువు తీరాక వేరే వాళ్ళ దగ్గరికి వెళ్తే, ముందు మాకే అవకాశం ఇవ్వాలని షరతు ఉందంటూ ఆ సంస్థ కోర్టుకెక్కింది. గడువు తర్వాత అలాంటి కట్టడి 27వ సెక్షను కింద చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. మర్నాడు ఈ సంగతి చెబితే ఆవిడ, "అంత పెద్దాయనకి కూడా ఇలాగే అయ్యిందాండీ" అంది. ఆ మాటతోనే ఆమెకు సగం ధైర్యం వచ్చింది.

ఇక అయిదు లక్షలు. కాగితంలో ఒక అంకె రాసుకున్నంత మాత్రాన అంతా చేతికి రాదు. 74వ సెక్షను ప్రకారం ఆ అంకె పై హద్దు మాత్రమే, అందులో న్యాయమైనంతే కోర్టు ఇప్పిస్తుంది. ఫతే చంద్ కేసు 1963 నుంచీ ఇదే మాట. పద్దెనిమిది వేలు ఇచ్చి అయిదు లక్షలు అడగడం బెదిరింపే. కాగితం చదవని వాళ్ళు ఆ బెదిరింపుకు లొంగుతారని ఆ అంకె రాస్తారు. దీని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో జవాబు నోటీసు పంపాం. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. ఎక్స్‌క్లూజివిటీ చెల్లదన్నాం. ప్యాకెట్టు మీద బొమ్మ ఏ హక్కుతో వేశారని అడిగాం. కిరాణా కొట్టులో ప్యాకెట్టు కొని, బిల్లుతో సహా ఫొటో తీయించి జతచేశాం. అయిదు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత వాళ్ళ వకీలు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. డిసెంబరులో రాజీ అయ్యింది. వాళ్ళ నోటీసు వెనక్కి తీసుకున్నారు, కొత్త ప్యాకెట్ల మీద బొమ్మ తీసేశారు, అప్పటిదాకా వేసినందుకు డెబ్బై అయిదు వేలు ఇచ్చారు.

అరవం వీడియోను మాత్రం ఆపించలేకపోయాను. శాశ్వతంగా, డబ్ చేసుకోవచ్చు అని సంతకం పెట్టిన కాగితం అది. ఓటీపీతో పెట్టిన సంతకమైనా సంతకమే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందాన్ని ఆ కారణం ఒక్కటే చూపించి చెల్లదనడానికి వీల్లేదని సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షను చెబుతోంది. ఈ సంగతి ఆమెకు చెప్పిన రోజు ఆమె ఏమీ అనలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "పోన్లెండి, అరవం వాళ్ళు కూడా తింటారు కదండీ" అని లేచింది. ఆ వీడియో ఇప్పటికీ నడుస్తోంది.

ఆ కేసు తర్వాత కోటిపల్లి బస్టాండు దగ్గర టీ కొట్టాయన మొదలుకొని కడియపులంక నర్సరీల దాకా మాట పాకింది, ఫలానా లాయరు ఫోన్ కాంట్రాక్టులు చదివిపెడతాడని. పూలమొక్కల వీడియోలు చేసే కుర్రాడు వచ్చాడు. పెళ్ళి మేకప్‌లు చేసే అమ్మాయి వచ్చింది. కాంట్రాక్టు చదివి తెలుగులో చెప్పడానికి రెండు వేలు తీసుకునేవాణ్ణి. ఆ రెండు వేలకి కూడా వెనకాడి సంతకం పెట్టేసి, ఆర్నెల్లకు తిరిగొచ్చిన వాళ్ళున్నారు.

నా జూనియర్ అమ్మాయి దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. వైట్‌లిస్టింగ్ అంటే ఏమిటని అడిగితే, "మన అకౌంట్ నుంచే వాళ్ళు యాడ్స్ వేసుకుంటారు సార్. మన పేరు, మన ఫొటో కనపడతాయి. ఏం రాశారో, ఎవరికి చూపించారో మనకి తెలియకపోవచ్చు" అంది. అది వినగానే నాకు జీపీఏ గుర్తొచ్చింది. అన్నదమ్ముడికి జనరల్ పవర్ ఇచ్చి దుబాయ్ వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఇల్లు అమ్ముడైపోయిన కేసులు నేను అరడజను చూశాను. గడువు లేని వైట్‌లిస్టింగ్ అంతే. ముప్పై రోజులనో, అరవై రోజులనో రాయించుకోవాలి. ప్రతి ప్రకటనా ముందు చూపించాలని రాయించుకోవాలి.

మా వాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకో పోలిక దొరికింది. లైసెన్స్ అంటే కౌలు. అసైన్‌మెంట్ అంటే అమ్మకం. కౌలుకిస్తే గడువు తీరాక పొలం మనదే. అమ్మేస్తే గట్టు మీద నడవడానికి కూడా అడగాలి. 1957 కాపీరైటు చట్టంలో అసైన్‌మెంట్ రాతపూర్వకంగా ఉండాలని, కాలం రాయకపోతే అయిదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని ఉంది. అంటే ఆ రెండు హద్దులూ చట్టమే వేసి పెట్టింది. మనం 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న చోట సంతకం పెట్టి వాటిని చెరిపేసుకుంటున్నాం.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఇది చాలామంది లాయర్లు కూడా మరిచిపోయేది. కాగితమే లేకపోతే మన వీడియో మనదేనని క్రియేటర్లు అనుకుంటారు. అలా అనుకోవడం ప్రమాదం. ఒకరు డబ్బిచ్చి, వాళ్ళ కోరిక మీద వీడియో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ వీడియోకు మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాడే అవుతాడని అదే చట్టం 17వ సెక్షనులో ఉంది. అందుకే వాట్సాప్ మాటల మీద పని ఒప్పుకున్న వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. వీడియో నాది, మీకు ఇన్ని నెలలు వాడుకోవడానికి ఇస్తున్నాను అని కనీసం ఒక ఈమెయిల్ రాసి, వాళ్ళ చేత అవునని అనిపించుకోండి.

కాకినాడ నుంచి ఒక తల్లి వచ్చింది, 2022 వేసవిలో. కొడుకుకి పదహారేళ్ళు. ఫోన్ల మీద, గేముల మీద రీల్స్ చేస్తాడు. ఒక మేనేజ్‌మెంట్ ఏజెన్సీ అయిదేళ్ళకు కట్టేసింది. వచ్చిన ప్రతి రూపాయిలో ముప్పై పైసలు వాళ్ళవి, వాళ్ళు తేకుండా సొంతంగా వచ్చిన పనిలో కూడా. పిల్లాడి చేతే సంతకం పెట్టించారు. తల్లికి చెప్పలేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1903లో మొహోరీ బీబీ కేసులో చెప్పిన మాట ఈనాటికీ చట్టమే. రెండు పేరాల ఉత్తరం రాస్తే సరిపోయింది. ఏజెన్సీ మళ్ళీ మాట్లాడలేదు. ఆ తల్లి మాత్రం వెళ్ళేటప్పుడు, "వాడికి నేను శత్రువునైపోయానండి, పెద్ద అవకాశం పోగొట్టానంటున్నాడు" అని ఏడ్చింది. ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాను. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, రీల్స్ కూడా చేస్తున్నాడు.

డబ్బు రాని కేసులే ఎక్కువ. అమలాపురం కుర్రాడొకడు పండగ సీజన్‌లో ఆరు వీడియోలు చేశాడు. లక్షా నలభై వేలు రావాలి. బ్రాండు మాకివ్వలేదు, మేం నీకెక్కడి నుంచి ఇస్తాం అంది ఏజెన్సీ. కాంట్రాక్టులో కూడా అలాగే ఉంది, బ్రాండు నుంచి అందిన 90 రోజుల్లోగా అని. బ్రాండు ఎప్పటికీ ఇవ్వకపోతే? దానికి జవాబు ఎక్కడా లేదు. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈ చట్టం సేవలు చేసేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. 45 రోజులకు మించి గడువు పెట్టడానికి వీల్లేదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల మీద చక్రవడ్డీ కట్టాలి. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్ళవచ్చు. నాకు ఉత్సాహం వచ్చి, "ఉద్యం రిజిస్ట్రేషన్ ఉందా బాబూ?" అని అడిగాను. ఉంది. పనులన్నీ అయ్యాక, మొన్ననే చేయించుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పనికి ఆ చట్టం కింద లాభం దక్కదని 2021లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆ దారి మూసుకుపోయింది. మామూలు నోటీసులు, ఫోన్లు, చివరికి తొమ్మిది నెలల తర్వాత లక్షా పది వేలు వచ్చాయి. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చేసుకునే రిజిస్ట్రేషన్ అది. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ ముందు అదే అడుగుతున్నాను.

ఉచితంగా ఇచ్చే సరుకు గురించి కూడా ఒక మాట. 2022 జూలై 1 నుంచి ఏడాదిలో 20 వేలు దాటిన కానుకల మీద కంపెనీ పది శాతం పన్ను మినహాయించాలి. ఫోన్ రివ్యూ చేసి తిరిగి పంపేస్తే పన్ను లేదు, ఉంచుకుంటే ఉంది. బార్టర్ డీల్ అంటే లెక్కలోకి రాదనుకోవద్దు.

ఇక బెట్టింగ్ యాప్‌ల సంగతి. దీని గురించి రాయాలంటే నాకు చెయ్యి బరువెక్కుతుంది.

2023 దసరా ముందు ఒక కుర్రాడు వచ్చాడు. కామెడీ వీడియోలు చేస్తాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఒక్క స్టోరీకి పాతిక వేలు, నెలకి ఎనిమిది స్టోరీలు. అంటే నెలకి రెండు లక్షలు. మామూలు నూనె, సబ్బు కంపెనీలు ఇచ్చేదానికి నాలుగు రెట్లు. కాంట్రాక్టు రెండే పేజీలు. కంపెనీ చిరునామా మన దేశంలో లేదు. ఇన్‌డెమ్నిటీ క్లాజు మాత్రం పెద్దది. ఏ కేసు వచ్చినా, ఏ నష్టం వచ్చినా పూర్తి బాధ్యత అతనిదే, కంపెనీకి ఏమైనా ఖర్చయితే అదీ అతనే భరించాలి. పైగా యాడ్ అని రాయకూడదు, తన సొంత అనుభవంలా చెప్పాలి.

నేను ముందు చట్టం చెప్పాను. ఆన్‌లైన్ జూదం ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి, తెలంగాణలో 2017 నుంచి నిషేధం. నిషిద్ధమైన పనికి రాసుకున్న ఒప్పందం 23వ సెక్షను కింద చెల్లదు, రేపు వాళ్ళు డబ్బు ఎగ్గొడితే కోర్టుకు కూడా వెళ్ళలేవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షనులో తప్పుదోవ పట్టించే ప్రకటన చేసిన ఎండార్సర్ మీద పది లక్షల దాకా జరిమానా ఉంది. మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. ఏడాది పాటు ఏ ప్రకటనా చెయ్యకుండా నిషేధించవచ్చు, మళ్ళీ చేస్తే మూడేళ్ళు. చెప్పింది నిజమో కాదో తగినంత విచారించుకున్నానని చూపించగలిగితేనే మినహాయింపు. డబ్బు తీసుకున్న సంగతి దాచకూడదని ప్రకటనల ప్రమాణాల సంస్థ 2021 జూన్ 14 నుంచి నియమం పెట్టింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో మార్గదర్శకాలు, 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడిగా సూచనలు ఇచ్చింది.

అతను అంతా విన్నాడు. "అందరూ చేస్తున్నారు కదండీ సార్" అన్నాడు.

అప్పుడు చట్టం పక్కన పెట్టి మాట్లాడాను. మా క్లయింటు ఒకాయన కొడుకు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఇలాంటి యాప్‌లో పదకొండు లక్షలు పోగొట్టుకుని, అప్పులవాళ్ళు ఇంటికొస్తే నాన్న పొలం అమ్మించాడు. ఆ అమ్మకం దస్తావేజు నా బల్ల మీదే తయారైంది. చెక్కుబందీలు నేనే చదివాను. సంతకం పెట్టాక ఆ ముసలాయన లేవలేక కుర్చీలోనే ఉండిపోయాడు. ఆ కుర్రాడు యాప్ గురించి మొదట తెలుసుకున్నది, రోజూ చూసే ఒక తెలుగు ఇన్‌ఫ్లుయెన్సర్ స్టోరీలో. ఇది చెప్పి, "నీ వీడియోలు ఎవరు చూస్తారు బాబూ?" అని అడిగాను. "మావాళ్ళేనండి. మా ఆటో స్టాండు కుర్రాళ్ళూ, కాలేజీ వాళ్ళూ" అన్నాడు.

ఆ కాంట్రాక్టు మీద అతను సంతకం పెట్టలేదు. అతని స్నేహితుడు పెట్టాడు.

2025 మార్చిలో హైదరాబాద్ మియాపూర్ పోలీసు స్టేషన్‌లో సినిమా వాళ్ళు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కలిపి 25 మంది మీద బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కేసు నమోదైంది. టీవీ అంతా అదే. ఆ వారంలో నా ఆఫీసుకు పదిమందికి పైగా వచ్చారు. మేం పాత స్టోరీలు తీసేశాం, సరిపోతుందా అని. అందులో ఆ స్నేహితుడూ ఉన్నాడు. అంతకుముందు రోజే తల్లికి తెలిసిందట, ఆమె కూడా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి పిలిస్తే రాలేదు. ఆ ఆగస్టులో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఇప్పుడు అలాంటి కాంట్రాక్టు ఎవరైనా తెస్తే నేను చదవను కూడా చదవను. ఫీజు తీసుకోను. వెనక్కి ఇచ్చేస్తాను.

కిందటేడు మా జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున ఒక మహిళా డిగ్రీ కాలేజీలో మాట్లాడమని పిలిచారు. వరకట్నం, గృహహింస, భరణం మామూలుగా చెప్పే అంశాలు. నేను ఈ కాంట్రాక్టుల గురించి చెబుతానన్నాను. హాల్లో ఉన్న పిల్లల్ని, డబ్బుకో సరుకుకో వీడియో చేసినవాళ్ళు చెయ్యెత్తండి అంటే ముప్పై చేతులకు పైగా లేచాయి. కాంట్రాక్టు పూర్తిగా చదివినవాళ్ళు అంటే రెండు. ఒకమ్మాయి లేచి, "లాయరు దగ్గరికి వెళ్ళేంత డబ్బు మాకు రాదు కదండీ, వచ్చేదే రెండు వేలు" అంది. న్యాయమైన ప్రశ్న.

ఆ రోజు నేను కొవ్వూరు ఆవిణ్ణి కూడా వెంట తీసుకెళ్ళాను. ఆవిడ మైకు పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడింది. ఇప్పుడు తన దగ్గరికి వచ్చే కాంట్రాక్టుల్లో నాలుగు హద్దులూ ముందు చూసుకుంటుందట. ఆరు నెలలు, మన దేశం, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మాత్రమే, డబ్ చేస్తే విడిగా డబ్బు. కంపెనీ వాళ్ళకి తనే ఫోన్‌లో చెబుతుందట. "ఇప్పటిదాకా పదకొండు కంపెనీలని అడిగానండి. తొమ్మిదిమంది ఒప్పుకున్నారండి. ఒప్పుకోని ఇద్దరికీ చెయ్యలేదండి" అని చెప్పి కూర్చుంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం మన దేశంలో ప్రతి స్త్రీకి, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. పిల్లలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఉంది. ప్రతి జిల్లా కోర్టులోనూ ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది. మీకొచ్చిన కాంట్రాక్టును ఫోన్‌లో చూపించే బదులు కాగితం మీద అచ్చు తీయించుకుని, సంతకం పెట్టకముందే అక్కడికి తీసుకెళ్ళండి. వెళ్ళలేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. ఆ నంబరుకు డబ్బు కట్టక్కర్లేదు.